ఏ యాప్ పేరు మీదా కనిపించని ర్యామ్: కెర్నల్ ట్రేస్ బఫర్ల లెక్క

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సైడు నుంచి చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఎపిసోడ్ కొంచెం ఓపికగా వినండి. మన దగ్గర ఇంకా చాలామంది చేతిలో ఉన్నది 2 జీబీ, 3 జీబీ ర్యామ్ ఫోనే. దోస్త్‌లో డిగ్రీ అడ్మిషన్‌కు వెబ్ ఆప్షన్లు పెడుతుంటరు. ఓటీపీ వచ్చిందని మెసేజ్‌లోకి పోయి చూసి వెనక్కి వచ్చేసరికి బ్రౌజర్ పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతది. నింపినదంతా పోతది. వెబ్‌సైట్ బాగలేదని తిట్టుకుంటం. కానీ చాలాసార్లు జరిగేది ఏందంటే, ఫోన్‌లో ర్యామ్ సరిపోక వెనకాల ఉన్న బ్రౌజర్‌ను సిస్టమే చంపేస్తది.

అప్పుడు సెట్టింగ్స్‌లోకి పోయి ఏ యాప్ ఎంత ర్యామ్ తింటుందో చూస్తరు. అన్నీ కూడితే మొత్తం ర్యామ్‌కు లెక్క కుదరదు. మిగతాది ఎక్కడికి పోయింది? అందులో కొంత కెర్నల్ ఖాతా. ఆ ఖాతాలో కూడా దాదాపు ఎవరూ చెప్పని ఒక పద్దు ఉంది, అదే ట్రేస్ బఫర్. ఇవాళ దాని లెక్కే తీద్దాం.

ముందే ఒక మాట. మామూలుగా వాడుకునే ఫోన్‌లో మీ ర్యామ్ అయిపోవడానికి ట్రేస్ బఫర్ పెద్ద కారణం కాదు. ఎందుకు కాదో అంకెలతోటే చూపిస్తా. కానీ ఎవరో చెప్పారని తెలియకుండా ఆన్ చేసి, సైజు పెంచి వదిలేస్తే మాత్రం అదే పెద్ద కారణం అయితది.

ట్రేసింగ్ అంటే ఏంది?

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ఏ యాప్‌కు ఏ కోర్ మీద ఎంతసేపు టైమ్ ఇవ్వాలె, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలె, స్క్రీన్ మీద వేలు పెడితే ఎవరికి చెప్పాలె, ఇవన్నీ అదే చూసుకుంటది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే.

ఇప్పుడు గేమ్ ఆడుతుంటే ఒక్క క్షణం ఆగింది అనుకోండి. ఆ క్షణంలో లోపల ఏం జరిగిందో ఎట్ల తెలుస్తది? అందుకే కెర్నల్‌లో ఎఫ్‌ట్రేస్ అని ఒక వ్యవస్థ ఉంది. స్టీవెన్ రోస్టెట్ అనే ఇంజినీర్ దీన్ని తయారు చేసిండు. 2008లో 2.6.27 వెర్షన్‌తో ఇది అసలు లైనక్స్‌లో చేరింది. ఆ వెంటనే వచ్చిన 2.6.28లో దీనికి రింగ్ బఫర్ తోడైంది. ఆండ్రాయిడ్‌లో సిస్‌ట్రేస్ అనే టూల్, ఇప్పుడు వాడుతున్న పెర్ఫెటో, రెండూ కెర్నల్ సమాచారం కోసం ఈ ఎఫ్‌ట్రేస్ మీదనే ఆధారపడతయ్.

అది చేసే పని సింపుల్. "ఈ టైమ్‌కు, ఈ కోర్ మీద, ఈ పని జరిగింది" అని ఒక్కో లైను రాసుకుంటూ పోతది. ఆ లైనునే ఈవెంట్ అంటం.

మరి ఆ లైన్లు ఎక్కడ రాయాలె? స్టోరేజ్ మీద రాద్దామంటే కుదరదు. ఈవెంట్లు సెకనుకు వేలల్లో వస్తయ్. ఒక్కోటి స్టోరేజ్‌లోకి రాయాలంటే ఆ రాసే పనే ఫోన్‌ను స్లో చేస్తది. పైగా రాయడం కూడా కెర్నల్ పనే కాబట్టి దానికి మళ్లీ కొత్త ఈవెంట్లు పుడతయ్. అందుకని ముందు ర్యామ్‌లో రాసుకుంటది. ఆ ర్యామ్ ముక్క పేరే ట్రేస్ బఫర్.

పెళ్లిలో కట్నాలు రాసే టేబుల్

ఇక్కడే అసలు లెక్క ఉంది. పెళ్లికి పోతే కట్నాలు రాసే టేబుల్ ఉంటది కదా. ఒక్క నోట్‌బుక్, రాసేది ఒక్క మనిషి. జనం ఎక్కువైతే లైను కడతది. అదే ఎనిమిది మంది ఎనిమిది నోట్‌బుక్కులు పట్టుకొని కూర్చుంటే లైనే ఉండదు. తర్వాత ఇంటికి పోయి అన్నీ కలిపి చూసుకుంటరు. కానీ ఎనిమిది నోట్‌బుక్కులు కొనాలె. ఒకాయన పుస్తకం నిండి, ఇంకొకాయనది సగం ఖాళీగా ఉన్నా సరే.

కెర్నల్ కూడా అదే చేస్తది. ప్రతి కోర్‌కు వేరే బఫర్. ఒక కోర్ రాసేటప్పుడు ఇంకో కోర్ ఆగాల్సిన పని లేదు. చదివేటప్పుడు టైమ్ ప్రకారం అన్నీ కలుపుకుంటం. స్పీడ్ బాగుంటది, కానీ మెమరీని కోర్ల సంఖ్యతో గుణించాలె.

ట్రేసింగ్ డైరెక్టరీలో బఫర్ సైజ్ కేబీ అనే ఫైలు ఉంటది, పేరులో మధ్యన అండర్‌స్కోర్‌లు. అందులో కనిపించే సైజు ఒక్క కోర్‌ది. మామూలు లైనక్స్‌లో డిఫాల్ట్ 1408 కేబీ. 8 కోర్లు ఉంటే 1408 ఇంటూ 8, అంటే 11,264 కేబీ. సరిగ్గా 11 ఎంబీ. 2 జీబీ ఫోన్‌లో అది సుమారు అర శాతం. భయపడేంత ఏమీ లేదు.

ఇంకో మంచి విషయం. ట్రేసింగ్ ఒక్కసారి కూడా వాడకపోతే ఆ 1408 కూడా తీసుకోదు. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిస్తే చాలాసార్లు "7, ఎక్స్‌పాండెడ్ 1408" అన్నట్టు కనిపిస్తది. అంటే ఇప్పుడు కోర్‌కు 7 కేబీ మాత్రమే పట్టుకున్నా, వాడితే 1408కి పెరుగుతా అని అర్థం. వాడనివాళ్ల ర్యామ్ ఎందుకు తినాలె అని ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది.

ఇప్పుడు ఎవరో ఒకరు కోర్‌కు 32 ఎంబీ పెట్టిండు అనుకుందాం. చూడటానికి చిన్న అంకెనే. కానీ 8 కోర్లు, 32 ఇంటూ 8, మొత్తం 256 ఎంబీ. 2 జీబీ ఫోన్‌లో ఎనిమిదో వంతు ర్యామ్ పోయింది. ఇందాకటి దోస్త్ పేజీ బతకాల్సిన జాగా అదే.

ఎన్ని ఈవెంట్లు పడతయ్?

11 ఎంబీలో ఎంత సమాచారం పడతదో కూడా తెలియాలె, లేకపోతే సైజు ఎంత పెట్టాలో తెలవదు.

కోర్ ఒక పని పక్కన పెట్టి ఇంకో పని ఎత్తుకున్నప్పుడు షెడ్ స్విచ్ అనే ఈవెంట్ వస్తది. 64 బిట్ సిస్టమ్‌లో దాని సమాచారం 64 బైట్లు. వదిలేసిన పని పేరుకు 16, ఎత్తుకున్న పని పేరుకు 16, మిగతావి వాటి నంబర్లు, ప్రాధాన్యతలు. దాని మీద 4 బైట్ల హెడర్. మొత్తం 68. బఫర్ 4 కేబీ పేజీలుగా ఉంటది. ఒక్కో పేజీలో 16 బైట్లు పేజీ సొంత లెక్కలకు పోను 4,080 మిగులుతయ్. 4,080 భాగించు 68, సరిగ్గా 60 ఈవెంట్లు. 1408 కేబీ అంటే 352 పేజీలు. 352 ఇంటూ 60, 21,120 ఈవెంట్లు.

ఒక కోర్ మీద సెకనుకు 2,000 సార్లు పని మారుతుంది అనుకుందాం. 21,120 భాగించు 2,000, సుమారు పదిన్నర సెకన్ల చరిత్ర. గేమ్ ఎందుకు ఆగిందో చూడటానికి పది సెకన్లు దండిగా సరిపోతయ్.

అదే ఫంక్షన్ ట్రేసర్ ఆన్ చేస్తే కథ మారుతది. కెర్నల్‌లో నడిచే ప్రతి ఫంక్షన్‌కు ఒక లైను. ఒక్కోటి 28 బైట్లే, కానీ వచ్చే వేగం వేరే లెవెల్. కోర్‌కు సెకనుకు 5 లక్షలు వచ్చాయి అనుకుంటే, అదే బఫర్ సెకనులో పదో వంతుకే నిండుతది. ఇక్కడే చాలామంది "చిన్న బఫర్, సైజు పెంచు" అంటరు. పది సెకన్లు కావాలంటే వంద రెట్లు పెంచాలె, అంటే 1,100 ఎంబీ. సగం ఫోన్ దానికే పోతది. సైజు పెంచడం జవాబు కాదు, అడిగే ప్రశ్నను తగ్గించుకోవాలె.

నిండితే ఏమైతది?

రెండు పద్ధతులు ఉన్నయ్. మొదటిది ఓవర్‌రైట్, డిఫాల్ట్ ఇదే. కిరాణా షాపులో సీసీ కెమెరా డీవీఆర్ లెక్క. హార్డ్‌డిస్క్ నిండితే పాత రోజు రికార్డింగ్ తీసేసి కొత్తది రాస్తది. చివరి పది సెకన్లు ఎప్పుడూ చేతిలో ఉంటయ్. రింగ్ బఫర్ అని పేరు అందుకే వచ్చింది, గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటికి వస్తది.

రెండోది ఓవర్‌రైట్ ఆఫ్. ఇది మన చెరువు లెక్క. బయ్యారం చెరువు గానీ గణపురం చెరువు గానీ నిండినంక వచ్చే కొత్త నీళ్లు మత్తడి దుంకి పోతయ్. ఉన్న నీళ్లు ఉంటయ్, కొత్తవి ఆగవు. ఇక్కడ కూడా పాత ఈవెంట్లు భద్రం, కొత్తవి పడిపోతయ్. మొదట్లో ఏం జరిగిందో కావాలంటే ఇది. చివర్లో ఏం జరిగిందో కావాలంటే డీవీఆర్ పద్ధతి.

ఏది పెట్టినా ఎన్ని పోయినయో కెర్నల్ దాచిపెట్టదు. ఒక్కో కోర్ ఫోల్డర్‌లో స్టాట్స్ అనే ఫైలు ఉంటది. అందులో ఓవర్‌రన్ అంటే చెరిపేసిన పాతవి, డ్రాప్డ్ ఈవెంట్స్ అంటే రాయకుండా వదిలేసిన కొత్తవి.

ఈ ర్యామ్ ఎందుకు కనబడదు?

టాప్ కమాండ్ కొట్టండి, టాస్క్ మేనేజర్ తెరవండి, ట్రేస్ బఫర్ అని ఎక్కడా ఉండదు. అది ఏ ప్రాసెస్‌దీ కాదు, కెర్నల్ నేరుగా తీసుకున్న పేజీలు. మెమ్‌ఇన్ఫో ఫైలులో కూడా దీనికంటూ వేరే లైను లేదు. అందుబాటులో ఉన్న మెమరీ తగ్గినట్టు కనిపిస్తది, ఎవరు తీసుకున్నరో మాత్రం కనిపించదు.

ఇంకోటి, ఇది కదలదు. మీ యాప్ మెమరీని ఫోన్ అవసరమైతే కుదించి జీర్యామ్‌లో పెడతది. ఇంకా ఇరుకైతే ఆండ్రాయిడ్‌లోని లో మెమరీ కిల్లర్ వెనకాల ఉన్న యాప్‌ను తీసేస్తది. ట్రేస్ బఫర్‌ను కుదించరు, స్వాప్ చేయరు, చంపరు. అది తీసుకున్న 256 ఎంబీ అట్లనే ఉంటది, దాని బదులు మీ బ్రౌజర్ పోతది. చిన్న ఫోన్ ఉన్నవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడనే.

ఆపడం వేరు, ఖాళీ చేయడం వేరు

ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ట్రేసింగ్ ఆన్ అనే ఫైలులో 0 రాస్తే రాయడం ఆగుతది, ర్యామ్ వెనక్కి రాదు. ట్రేస్ ఫైలును క్లియర్ చేస్తే లైన్లు పోతయ్, ర్యామ్ అప్పుడు కూడా రాదు. పెళ్లి అయిపోయింది, నోట్‌బుక్‌లో పేజీలు చెరిపేసినం, కానీ నోట్‌బుక్ టేబుల్ మీదనే ఉంది. ర్యామ్ వెనక్కి కావాలంటే బఫర్ సైజ్ కేబీలో చిన్న అంకె రాయాలె. 1 రాసినా సరే, కనీస సైజుకు దిగుతది.

రెట్టింపు చేసేవి ఇంకో రెండు ఉన్నయ్. ఒకటి స్నాప్‌షాట్. నడుస్తున్న ట్రేస్‌ను ఆపకుండా ఒక క్షణాన్ని పట్టుకోవడానికి అంతే సైజు ఇంకో బఫర్ కావాలె. 11 ఎంబీ కాస్తా 22 అయితది. స్నాప్‌షాట్ ఫైలులో 0 రాస్తే అది వెనక్కి వస్తది. రెండోది ఇన్‌స్టాన్స్‌లు. ఒక్కో ఇన్‌స్టాన్స్‌కు సొంత బఫర్లు, మళ్లీ కోర్‌కు ఒకటి చొప్పున. ఆ ఫోల్డర్‌ను తీసేస్తే దాని మెమరీ కూడా వదులుతది.

టూల్స్ రాసేవాళ్లకు ఫ్రీ బఫర్ అని ఇంకో ఫైలు ఉంది. మీ ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకుంటే, ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోయినా సరే ఆ ఫైలు మూసుకోగానే బఫర్ కనీస సైజుకు తగ్గిపోతది. వాడినంక తిరిగి ఇచ్చే బాధ్యతను మనిషి మీద వదలకుండా కోడ్‌లోనే పెట్టిండ్రు.

మరి ఎవరైనా పిచ్చి అంకె రాస్తే? ఒకప్పుడు అది మెమరీ మొత్తం మింగి, వేరే ప్రోగ్రామ్‌లు చచ్చే దాకా పోయేది. 2018లో ఒక చెక్ పెట్టిండ్రు. పేజీలు తీసుకునే ముందు, అందుబాటులో ఎంత ఉందో ఒక అంచనా చూస్తది, సరిపోదని తేలితే అక్కడే కాదంటది. అయినా మెమరీ అయిపోతే ముందు ఆ సైజు రాసిన ప్రోగ్రామే పోయేలా కూడా ఏర్పాటు ఉంది. కానీ ఆ చెక్ అసాధ్యమైన దాన్నే ఆపుతది. 2 జీబీలో 256 ఎంబీ అడిగితే జాగా ఉన్నంతవరకు ఇస్తది. అది తెలివైన పనా కాదా అని చెప్పదు.

మీరే చూడండి

పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే చాలు, ఉబుంటు వేసి చేయొచ్చు. రూట్ పర్మిషన్ కావాలె. సొంత ల్యాప్‌టాప్ మీదనే చేయండి, కాలేజీ ల్యాబ్ సర్వర్ మీద వద్దు. సిస్, కెర్నల్, ట్రేసింగ్ డైరెక్టరీలోకి పోండి. ముందు మెమ్‌ఇన్ఫోలో మెమ్ ఎవైలబుల్ ఎంత ఉందో రాసుకోండి. బఫర్ సైజ్ కేబీలో 65536 రాయండి, అంటే కోర్‌కు 64 ఎంబీ. 4 కోర్లయితే మొత్తం 256. మళ్లీ మెమ్ ఎవైలబుల్ చూడండి, దాదాపు అంత తగ్గి ఉంటది. టాప్ తెరిచి ఆ 256 ఎవరి పేరు మీద ఉందో వెతకండి, దొరకదు. ఇప్పుడు ట్రేసింగ్ ఆన్‌లో 0 రాయండి, అంకె మారదు. బఫర్ సైజ్‌లో 1408 రాయండి, అప్పుడు వెనక్కి వస్తది. పది నిమిషాల పని, కానీ పుస్తకంలో పది పేజీలు చదివిన దానికంటే బాగా ఎక్కుతది.

మరి ఫోన్‌లో?

ఆండ్రాయిడ్ 9 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ట్రేసింగ్ ఉంటది. అందులో పర్ సీపీయూ బఫర్ సైజు అని కనిపిస్తే, ఇప్పుడు మీకు అర్థం తెలుసు, కోర్ల సంఖ్యతో గుణించుకోండి. పెర్ఫెటో పద్ధతిలో కెర్నల్ బఫర్‌లోంచి కొద్దికొద్దిగా తోడుకొని బయట ఇంకో పెద్ద బఫర్‌లో పోస్తరు. అందుకని కెర్నల్ వైపు బఫర్ చిన్నగా ఉన్నా నడుస్తది. కానీ ఎందులో పోసినా అది ర్యామే. పని అయినంక రికార్డింగ్ ఆపండి, వదిలేయకండి.

అదే మెనూలో లాగర్ బఫర్ సైజులు అని ఇంకోటి ఉంటది. అది ట్రేస్ బఫర్ కాదు, యాప్‌లు, సిస్టమ్ రాసుకునే లాగ్‌ల జాగా. "దీన్ని 16 ఎంబీ చేయండి, గేమ్ స్పీడ్ అయితది" అని చిట్కాలు తిరుగుతుంటయ్. స్పీడ్‌కు దానికి సంబంధం లేదు. పుస్తకం పెద్దదైతే రాసేవాడు ఫాస్ట్ కాడు కదా. చిన్న ఫోన్‌లో అది జాగా తినడమే. మీరు యాప్‌లు తయారు చేయకపోతే దాని జోలికి పోవద్దు.

సైజు ఎట్ల లెక్క కట్టాలె?

ఎన్ని సెకన్లు కావాలె, సెకనుకు కోర్‌కు ఎన్ని ఈవెంట్లు, ఒక్కోటి ఎన్ని బైట్లు, ఎన్ని కోర్లు. నాలుగూ గుణించండి. మూడు సెకన్ల ల్యాగ్ చూడాలె, షెడ్ స్విచ్ ఒక్కటే చాలు, సెకనుకు 2,000 అనుకుంటే, 3 ఇంటూ 2,000 ఇంటూ 68, కోర్‌కు సుమారు 400 కేబీ. 8 కోర్లకు 3.2 ఎంబీ దగ్గర. జాగ్రత్తకు రెట్టింపు పెట్టినా 1408 డిఫాల్ట్ కంటే తక్కువే. ఒకసారి నడిపి స్టాట్స్‌లో ఓవర్‌రన్ చూడండి. మీకు కావాల్సిన క్షణం చెరిగిపోతుంటే, ముందు ఈవెంట్లు తగ్గించండి, మీ ప్రాసెస్ నంబర్‌కే ఫిల్టర్ పెట్టండి. అప్పటికీ సరిపోకపోతేనే సైజు పెంచండి. ఒక్క కోర్ మీదనే గొడవ ఉంటే ఆ ఒక్క కోర్‌కే పెంచుకునే వీలు కూడా ఉంది.

బీటెక్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ కోడ్ అంతా ఓపెన్‌గా ఉంది. లైనక్స్ సోర్స్‌లో కెర్నల్ ఫోల్డర్, లోపల ట్రేస్, అందులో రింగ్ బఫర్ అనే సీ ఫైలు. పెద్దదే, ఒక్కరోజులో అర్థం కాదు. కానీ ఇందాక చెప్పిన 2018 చెక్, కోర్‌కు ఒక బఫర్, పేజీ లెక్క అన్నీ అక్కడే కనిపిస్తయ్. హైదరాబాద్‌లో కోచింగ్ ఫీజు కట్టాల్సిన పని లేదు, జనగామలో కూర్చొని పాత ల్యాప్‌టాప్‌లోనే చదవొచ్చు. "నాకు కెర్నల్ వచ్చు" అని ఇంటర్వ్యూలో చెప్పడం కంటే, "నేను ఈ బఫర్ సైజు మార్చి ర్యామ్ ఎంత తగ్గిందో కొలిచిన" అని చెప్పడం చాలా బరువుగా ఉంటది.

చివరగా హోంవర్క్. 6 కోర్ల మెషీన్, కోర్‌కు 4096 కేబీ, స్నాప్‌షాట్ ఆన్‌లో ఉంది. మొత్తం ఎన్ని ఎంబీ? ట్రేసింగ్ ఆన్‌లో 0 రాస్తే అందులో ఎంత వెనక్కి వస్తది? మొదటిదానికి 48, రెండోదానికి సున్నా అని మీకు మీరే చెప్పుకోగలిగితే ఇవాళ్టి ఎపిసోడ్ మీకు పూర్తిగా ఎక్కినట్టే. వచ్చే ఎపిసోడ్‌లో జీర్యామ్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, నమస్తే.